ఫెయిర్‌టాక్స్: ఆదాయపు పన్నుకు బదులు అమ్మకపు పన్ను

అమెరికాలో ఫెడరల్ ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తేసి, దాని స్థానంలో దేశమంతటా ఒకే రేటుతో చిల్లర అమ్మకాలపై పన్ను వేయాలన్న ప్రతిపాదనకు ఫెయిర్‌టాక్స్ అని పేరు. ఇది అమలైతే వ్యక్తుల ఆదాయపు పన్నుతో పాటు కంపెనీల పన్ను, జీతంలోంచి కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు, వారసత్వపు పన్ను, కానుకల పన్ను కూడా రద్దవుతాయి. జార్జియాకు చెందిన రిపబ్లికన్ సభ్యుడు జాన్ లిండర్ 1999లో ప్రతినిధుల సభలో తొలి బిల్లు పెట్టారు. అప్పటినుంచి బిల్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది గానీ ఒక్కసారీ గట్టెక్కలేదు. 2005లో లిండర్, రేడియో వ్యాఖ్యాత నీల్ బూర్ట్జ్ కలిసి దీనిపై పుస్తకం రాశారు. 2008 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడిన మైక్ హకబీ దీన్ని భుజాన వేసుకున్నారు. 2023 జనవరిలో జార్జియాకే చెందిన బడ్డీ కార్టర్ మరోసారి సభ ముందుకు తెచ్చారు.

రేటు ఎంత?

ఈ వాదంలో మొదటి తగువు అంకెతోనే. బిల్లు 23 శాతం అంటుంది, విమర్శకులు 30 శాతం అంటారు. దుకాణంలో 77 డాలర్ల వస్తువు కొంటే కౌంటర్ దగ్గర 100 డాలర్లు ఇవ్వాలి. ఇచ్చిన వందలో పన్ను 23 కాబట్టి 23 శాతం. వస్తువు ధర 77 మీద లెక్కిస్తే అదే పన్ను దాదాపు 30 శాతం. ఆదాయపు పన్నునూ మొత్తం సంపాదనలో వాటాగానే చెబుతాం గనుక తమ లెక్కే సరైనదని సమర్థకులు అంటారు. రెండు లెక్కలూ తప్పు కావు. కానీ అమెరికాలోని 45 రాష్ట్రాలు ఇప్పటికే వసూలు చేస్తున్న అమ్మకపు పన్నును వస్తువు ధర మీదే లెక్కగడతారు. జనానికి అలవాటైన ఆ పద్ధతిలో చెప్పాల్సింది 30 శాతమే. రాష్ట్ర పన్ను దాని మీద అదనం.

కిరాణా సరుకులు, మందులు, వైద్యుడి ఫీజు, ఇంటి అద్దె, కొత్త ఇల్లు అన్నిటికీ పన్ను ఉంటుంది. వాడిన కారుకు, పాత ఇంటికి ఉండదు. చదువు ఫీజును పెట్టుబడిగా భావించి వదిలేశారు. వ్యాపారం కోసం కొన్న సరుకుకూ మినహాయింపే. ప్రభుత్వాలు మాత్రం తమ కొనుగోళ్లపై తామే పన్ను కట్టుకోవాలి.

ఈ రేటుతో ఖజానాకు పాత రాబడి వస్తుందా అన్నది వేరే చిక్కు. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ నియమించిన పన్ను సంస్కరణల సలహా సంఘం 2005లో జాతీయ అమ్మకపు పన్నును పరిశీలించి, సిఫారసు చేయకుండా పక్కన పెట్టింది. ఆదాయపు పన్ను ఒక్కదాన్నే పూడ్చాలన్నా వస్తువు ధర మీద కనీసం 34 శాతం కావాలని లెక్క తేల్చింది. బ్రూకింగ్స్ సంస్థ ఆర్థికవేత్త విలియం గేల్ అంచనాలో ఫెయిర్‌టాక్స్‌కు అవసరమయ్యే రేటు 44 శాతం.

పేదల మాట

అమ్మకపు పన్ను మీద మొదట వచ్చే ఆక్షేపణ అది పేదవాడి నడ్డి విరుస్తుందన్నదే. చాలీచాలని సంపాదన మొత్తం ఖర్చయిపోతుంది గనుక పన్ను కూడా మొత్తం మీదా పడుతుంది. దీనికి ఫెయిర్‌టాక్స్ చెప్పే విరుగుడు ప్రీబేట్. దారిద్ర్యరేఖ మేరకు పెట్టే ఖర్చుపై ఎంత పన్ను పడుతుందో అంత సొమ్మును ప్రభుత్వం ప్రతి కుటుంబానికీ నెలనెలా ముందే పంపుతుంది. 2023లో ఒంటరి వ్యక్తికి దారిద్ర్యరేఖ ఏడాదికి 14,580 డాలర్లు. ఆ లెక్కన నెలకు సుమారు 279 డాలర్లు చేతికొస్తాయి. సరిగ్గా దారిద్ర్యరేఖ మేరకే ఖర్చుపెట్టే మనిషికి పన్ను సున్నా. దానికి రెట్టింపు ఖర్చుచేస్తే 11.5 శాతం. ఖర్చు పెరిగేకొద్దీ భారం 23 శాతానికి చేరువవుతుంది గానీ దాన్ని దాటదు.

కాబట్టి పేదల్ని గాలికొదిలేశారన్న విమర్శ పూర్తిగా నిలవదు. అసలు బరువు పడేది మధ్యతరగతి మీద. ఏటా 80,000 డాలర్లు సంపాదించి 76,000 ఖర్చుచేసే ఒంటరి వ్యక్తి, ప్రీబేట్ పోగా, తన ఆదాయంలో దాదాపు 17.7 శాతం పన్ను కడతాడు. 50 లక్షల డాలర్లు సంపాదించి 10 లక్షలు ఖర్చుపెట్టేవాడికి అది నాలుగున్నర శాతమే. సలహా సంఘమూ ఇదే మాట చెప్పింది: ప్రీబేట్ ఉన్న అమ్మకపు పన్నుతో అట్టడుగువారికీ పైవారికీ ఊరట, నడుమనున్నవారికి అదనపు భారం.

న్యాయాన్ని దేనితో కొలవాలి?

సమాజంలోంచి తీసుకున్నదాని మీద పన్ను వేయాలే తప్ప, శ్రమించి కూడబెట్టిన దానిమీద కాదన్న వాదన పాతదే. తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లోనే ‘లెవయాథన్’లో ఈ మాట అన్నాడు. దాచిన సొమ్ము ఎప్పటికైనా ఖర్చు కావాల్సిందే, అప్పుడు పన్ను పడనే పడుతుందని నేటి సమర్థకులు అంటారు. ఖర్చు కాకుండానే తరాలు దాటే ఆస్తి సంగతేమిటన్నదానికి వారి దగ్గర గట్టి జవాబు లేదు. వారసత్వపు పన్ను కూడా పోతుంది గనుక ఆ ప్రశ్న మరింత బిగుస్తుంది. ఖర్చుపెట్టని కోట్లు కూడా మనిషికి భద్రతనూ పలుకుబడినీ ఇస్తూనే ఉంటాయి.

చరిత్రలో ఈ న్యాయవాదం ఎదురు దిశలో నడిచింది. 19వ శతాబ్దం చివర్లో ఫెడరల్ రాబడికి దిగుమతి సుంకాలు, మద్యం, పొగాకు పన్నులే ఆధారం. అవన్నీ కొనేవాడి నెత్తిన పడేవే. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల రైతులు ఇది అన్యాయమని, ధనికుల ఆదాయంపై పన్ను వేయాలని పట్టుబట్టారు. 1894 నాటి ఆదాయపు పన్నును సుప్రీంకోర్టు మరుసటి ఏడే కొట్టేసింది. 1913లో 16వ రాజ్యాంగ సవరణతో దానికి దారి దొరికింది.

ఖర్చు మీద పన్ను వేస్తే ధనికుడు తప్పించుకుంటాడనీ అనలేం. శ్లాబులు పెట్టి, ఏడాది ఖర్చు పెరిగేకొద్దీ రేటు పెంచవచ్చని ఆర్థికవేత్త నికొలాస్ కాల్డర్ 1955లో వాదించాడు. ఆయన సలహాతో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1957లో భారత్‌లో వ్యయపు పన్ను తెచ్చారు. రాబడి నామమాత్రం కావడంతో 1962లో ఎత్తేశారు, 1964లో మళ్లీ పెట్టి 1966లో రద్దు చేశారు.

మార్పు రోజున నష్టపోయేదెవరు?

రాత్రికి రాత్రి పన్ను మారితే వయసు మళ్లినవారి పరిస్థితి ఏమిటన్నది తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. రాత్ అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో దాచుకున్నవారు ముందే ఆదాయపు పన్ను కట్టారు, తీసేటప్పుడు పన్ను ఉండదన్న హామీ మీదే దాచారు. ఇప్పుడు అదే సొమ్ముతో మందులు కొన్నా పన్ను కట్టాలి. పన్ను కట్టకుండా సంప్రదాయ 401(కె) పదవీ విరమణ ఖాతాలో వేసుకున్న పక్కింటాయనకు మాత్రం రెండోసారి బాదుడు ఉండదు.

వలసవచ్చినవారి లెక్కలూ తారుమారవుతాయి. డాలస్‌లో సంపాదించి గుంటూరులో అమ్మానాన్నలకు పంపే డబ్బు అమెరికాలో ఖర్చు కాదు గనుక దానిపై ఈ పన్ను పడదు. ప్రీబేట్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. అది లేని విద్యార్థి మాత్రం అద్దెకూ సరుకులకూ పూర్తి పన్ను కడుతూ, వాపసు మాట మరిచిపోవాల్సిందే.

వసూలు

మన జీఎస్టీ అంచెలంచెలుగా పడుతుంది. చివరి దుకాణదారు బిల్లు రాయకపోయినా తయారీదారు, టోకు వ్యాపారి కట్టింది ఖజానాలోనే ఉంటుంది. ఫెయిర్‌టాక్స్‌లో పన్నంతా చివరి కౌంటర్ దగ్గరే. అక్కడ జారిపోతే మొత్తం పోయినట్టే. స్వీడన్ 1969లో, నార్వే 1970లో చిల్లర అమ్మకపు పన్నును వదిలి విలువ ఆధారిత పన్నుకు మారాయి. మాదకద్రవ్యాలు అమ్మేవాడు కూడా కారు కొనేటప్పుడు పన్ను కట్టక తప్పదని సమర్థకులు అంటారు. నిజమే, కానీ తాను అమ్మిన సరుకుపై వాడు పన్ను వసూలు చేసి కట్టడు కదా.

ఫెడరల్ పన్నులు వసూలు చేసే ఐఆర్ఎస్‌ను మూసేసి వసూలు బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించాలన్నది బిల్లు ఉద్దేశం. అమ్మకపు పన్ను వచ్చాక ఆదాయపు పన్ను కూడా తిరిగివస్తే రెండూ కట్టాల్సి వస్తుందన్న భయానికి బిల్లులోనే ఒక గడువు పెట్టారు. ఏడేళ్లలో 16వ సవరణ రద్దు కాకపోతే కొత్త పన్ను దానంతటదే ముగుస్తుంది. ఆ రద్దుకు కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండొంతుల మద్దతుతో పాటు 38 రాష్ట్రాల ఆమోదం కావాలి.