తీరిక పడవ: కృష్ణా డెల్టాలో నీటి విహారం పుట్టుపూర్వోత్తరాలు

విజయదశమి సాయంత్రం బెజవాడ దుర్గాఘాట్‌కి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. దీపాలతో మెరిసిపోతున్న హంసవాహనం మీద కనకదుర్గమ్మ, మల్లేశ్వరస్వామి కృష్ణలో విహరిస్తారు. ఆ పడవ ఏ ఊరికీ వెళ్ళదు. కాసేపు నీటి మీద తిరిగి, బయల్దేరిన రేవుకే వచ్చి ఆగుతుంది. వరద ఉధృతంగా ఉన్న ఏడాది రేవులోనే నిలిపి పూజలు జరిపిస్తారు. ఇవాళ జనం వేలూ లక్షలూ పెట్టి టికెట్లు కొంటున్న క్రూయిజ్ ప్రయాణం అసలు తత్వం ఇందులోనే ఉంది. చేరాల్సిన చోటంటూ లేకుండా, నీటి మీద గడపడమే పనిగా పెట్టుకోవడం. డెల్టాలో దేవుళ్ళకు ఈ విహారం ఏనాటి నుంచో ఉంది. మనుషుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన దారి కూడా తిన్నగా లేదు.

సముద్రం మన పక్కనే ఉన్నా, ఓడ ఎక్కడాన్ని మనవాళ్ళెవరూ విహారం అనుకోలేదు. బందరుకు ముందు డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ వచ్చింది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. కెరటాలను దాటి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చే పని కుట్టు పడవలది. మేకులు కొట్టకుండా పలకలను తాళ్ళతో కుట్టి చేసిన ఆ పడవలు అలల దెబ్బకు వంగేవి గాని విరిగేవి కావు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానులో ఉప్పెన ముంచెత్తి బందరు ప్రాంతంలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. అంత దెబ్బ తిన్న ఊరు సముద్రాన్ని సరదాగా ఎలా చూస్తుంది? తర్వాతి కాలంలో కోస్తా నుంచి కూలి కోసం రంగూన్ స్టీమర్లెక్కిన వేలాది మంది తెలుగువాళ్ళకు దొరికింది డెక్కు మీద చోటే. వాళ్ళది పొట్టకూటి ప్రయాణం.

తీరిగ్గా సాగే నీటి ప్రయాణం మనకు సముద్రం నుంచి రాలేదు. అది కాలువల్లో పుట్టింది.

1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి వెళ్ళివచ్చారంటే, చాలావరకు బోయీలు మోసిన పల్లకీలోనే. దారి ఎలా ఉందో, బస ఎక్కడ దొరుకుతుందో, ఏ ఊళ్ళో ఏమి దొరుకుతాయో ఆయన ఓపిగ్గా రాసిపెట్టారు. ఆనాటికి డెల్టాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పడవ మీద హాయిగా పోయే కాలువల వ్యవస్థ లేదు. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. కాటన్ పేరు చెప్పగానే మనకు పంట పొలాలు గుర్తొస్తాయి. ఆయన మాత్రం కాలువను నీరు పారే దారిగానూ పడవ నడిచే దారిగానూ ఒకేసారి చూశాడు. ఈ దేశానికి రైళ్ళకంటే జలమార్గాలే చవకని జీవితమంతా వాదించాడు. అందుకే మన పెద్ద కాలువలను పడవలు తిరిగే వెడల్పుతో తవ్వి, నీటిమట్టం మారే చోటల్లా లాకులు కట్టారు.

లాకు పని చేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. కాలువలో అటొక జత, ఇటొక జత తలుపులతో రాతితో కట్టిన పెద్ద తొట్టి అది. పై నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనక తలుపులు మూస్తారు. దిగువ తలుపులకున్న చిన్న షట్టర్లు ఎత్తితే నీరు మెల్లగా జారిపోతుంది, నీటితోపాటు పడవా కిందికి దిగుతుంది. లోపలి మట్టమూ దిగువ మట్టమూ ఒకటయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎగువకు పోవాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు. ఇంజనూ లేదు, మంటా లేదు. నీటి బరువే నీటి మీది బరువును ఎత్తుతుంది, దించుతుంది. పడవలో కూర్చున్నవాళ్ళకు లాకు దగ్గర ఆగడం తప్పదు. ఆగిన చోట అంగళ్ళు పుడతాయి, కబుర్లు పుడతాయి. దుగ్గిరాల లాంటి ఊళ్ళలో ‘లాకుల దగ్గర’ అంటే ఇప్పటికీ అందరికీ తెలిసిన గుర్తు.

ఆ దారులు ఎంత దూరం పోయేవో తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. బెజవాడలో ఎక్కి ఏలూరు కాలువ పట్టుకుంటే, ఏలూరు దగ్గర గోదావరి నుంచి వచ్చిన కాలువ కలుస్తుంది. అక్కణ్ణుంచి నిడదవోలు మీదుగా విజ్జేశ్వరం లాకులు దాటితే గోదావరే. మొత్తం 139 కిలోమీటర్లు. దక్షిణానికి పోవాలంటే కృష్ణ దాటి సీతానగరం వైపు కాలువలోకి దిగాలి. దుగ్గిరాల మీదుగా 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా తీసుకెళుతుంది. అక్కడ బకింగ్‌హాం కాలువ మొదలవుతుంది. మద్రాసు దగ్గర 1806లో కాక్రేన్ అనే వ్యాపారి మొదలుపెట్టించిన ఆ కాలువ ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1877-78 కరువులో ఆకలితో అలమటిస్తున్నవాళ్ళకు పని కల్పించి మరికొంత తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దానికి స్థిరపడింది. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆ కాలువ గురించి ఎవరు చెప్పినా ఆ కరువు కూలీలను కూడా తలుచుకోవాలని నా కోరిక.

ఈ దారిన బెజవాడ నుంచి మద్రాసు సుమారు 430 కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. అంటే వేగం మనిషి నడకంతే. రోజుకు పది పన్నెండు గంటలు సాగినా వారం దాటుతుంది. ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెల మధ్య కాస్త చోటు చూసుకుని సాగే ఆ ప్రయాణాన్ని ఎవరూ విహారమనలేదు. అయినా విహారానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: వెన్నెల, గట్టు మీది తాటిచెట్లూ తుమ్మలూ, కుదుపులేని నిద్ర, పొద్దున లేచేసరికి మరో ఊరు. కాలువ మీది ఒక రాత్రిలో ఎంత జీవితం పడుతుందో తెలియాలంటే పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ చదవాలి.

అప్పటి ప్రయాణికుడి ప్రశ్నలూ ఇప్పటివాటికి దూరం కావు. కాలువ వదిలారా, కట్టేశారా? వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే పడవలు ఉన్నచోటే నిలిచిపోవాలి. వంట ఎక్కడ? సత్రమున్న ఊళ్ళో దిగి వండుకోవాలి, లేదా అటుకులో, మినపసున్నో వెంట ఉండాలి. తాగే నీళ్ళు, దోమలు, ముసలివాళ్ళకు పడక, పిల్లలు నీళ్ళలో పడకుండా చూసుకోవడం, ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్ళు బయల్దేరకముందే ఆలోచించుకోవలసిన సంగతులు.

రైలు వచ్చింది. 1890ల్లో కృష్ణ మీద, 1900లో గోదావరి మీద రైళ్ళు నడిచే వంతెనలు ఏర్పడ్డాయి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలుంది. జనం రైలెక్కారు, పడవలకు సరుకు మిగిలింది. తర్వాత లారీలు వచ్చి సరుకునూ పట్టుకుపోయాయి. 1952 వరదల్లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైంది. పైన రోడ్డు కూడా రావడంతో రెండు ఒడ్లూ ఒకటయ్యాయి. 1965-66 తుఫాన్లు బకింగ్‌హాం కాలువను పాడుచేశాయి. లాకుల తలుపులు తుప్పు పట్టాయి.

ఇక్కడే మన కథ ప్రపంచం కథతో విడిపోయింది. ఐరోపాలోనూ ఓడలు మొదట అవసరం కోసమే నడిచాయి. 1844లో పీ అండ్ ఓ కంపెనీ మధ్యధరా సముద్రంలో విహారయాత్రలు ప్రకటించింది. ఆ కంపెనీ ఇచ్చిన ఉచిత టికెట్టు మీద తిరిగొచ్చి నవలాకారుడు థాకరే ఏకంగా పుస్తకమే రాశాడు. 1891 జనవరిలో జర్మన్ ఓడల కంపెనీ డైరెక్టరు ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో ఖాళీగా పడుండే ‘ఆగస్టా విక్టోరియా’ను విహారానికి పంపాడు. 1900లో విహారం కోసమే కట్టిన మొదటి ఓడ ‘ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిజ్’ నీళ్ళలోకి దిగింది. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక, ప్రయాణికులను పోగొట్టుకున్న ఓడల కంపెనీలు ఓడను ఊరు చేర్చే బండిగా చూడటం మానేసి, దాన్నే చూడాల్సిన ఊరుగా మార్చేశాయి. అక్కడ విమానం చేసిన పనే ఇక్కడ రైలూ లారీ చేశాయి. ఓడను అక్కడ కాపాడుకున్నారు, కాలువ పడవను మనం వదిలేశాం. పడవలు నడిపినవాళ్ళ దగ్గర పెట్టుబడి లేదు, కాలువ చూసే శాఖకు విహారం తన పనిగా తోచలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

నీటి విహారం చివరికి బ్యారేజి ఎగువన కుదురుకుంది. గేట్ల వెనక నిలిచే నీరు పడవలకు అనువుగా ఉంటుంది. దాని మధ్యలో సుమారు 133 ఎకరాల భవానీ ద్వీపం. పర్యాటకాభివృద్ధి సంస్థ బెర్మ్ పార్కు నుంచి బోట్లు వేసింది. ‘బోధిసిరి’ వంటి రెండంతస్తుల బోటులో పుట్టినరోజులు, కంపెనీ విందులు జరుపుకోవడం ఊరికి అలవాటైంది. 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది కూడా.

ఈ చరిత్రలో దాటవేయకూడని రెండు తేదీలున్నాయి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం చేరువలో అనుమతి లేని బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళుతున్న బోటు మునిగితే 26 మందే బయటపడ్డారు. ఆ తర్వాత 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. బెజవాడ బెర్మ్ పార్కు వాటిలో ఒకటి. అందుకే బోటు ఎక్కబోయే ముందు మొహమాటం వద్దు. అనుమతి పత్రం అడగండి, ఎంతమందికి అనుమతో అడగండి, లైఫ్‌జాకెట్ తొడిగించుకుని బకిల్ బిగించాకే కూర్చోండి. పై అంతస్తులో ఫొటోల కోసం జనమంతా ఒక పక్కకు చేరితే బోటు అటే ఒరుగుతుంది, కాబట్టి పిల్లలను మధ్యలో ఉంచుకోండి. ఎగువ నుంచి వరద వదిలారని తెలిస్తే ఆ రోజుకు మానుకోండి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజి గేట్లనే దెబ్బతీశాయి.

ఇక సముద్రం. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. అది 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో అమెరికా వైపు విహారాలకే కట్టిన ఓడ. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. బెజవాడవాళ్ళకు విశాఖ అయినా, చెన్నై అయినా ఒక రాత్రి రైలు ప్రయాణమే.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ముందుగా అడిగేది వాంతుల గురించి. ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో ఉన్న గదులకు ఊపు తక్కువ. కిటికీ లేదని ఆ గదిని వదులుకోనక్కర్లేదు. మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి, తల తిరగడం మొదలవకముందే వేసుకోవాలి. బంగాళాఖాతంలో మే నెలా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ తుఫాన్ల కాలం. జనవరి నుంచి మార్చి మధ్య సముద్రం నెమ్మదిగా ఉంటుంది. విదేశీ రేవులో ఆగే ఓడకు పాస్‌పోర్టు తప్పనిసరి, మన రేవుల మధ్య తిరిగేదానికి ఏ గుర్తింపు కార్డు చెల్లుతుందో టికెట్టు కొనేటప్పుడే తేల్చుకోవాలి. తిండి టికెట్టులోనే కలిసి ఉంటుంది. పానీయాలు, వైఫై, ఒడ్డు మీద ఊరు చూపించే యాత్రలు మాత్రం మామూలుగా విడిగా లెక్కేస్తారు. రేవులో దిగి ఊరు చూడబోయినవాళ్ళు చెప్పిన గంటకు తిరిగి రాకపోతే ఓడ వాళ్ళ కోసం ఆగదు.

కాలువలకు మళ్ళీ రోజులొస్తాయా? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలనూ, కృష్ణా గోదావరుల్లో కొంత భాగాన్నీ కలిపి 1,078 కిలోమీటర్లను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017 అక్టోబరులో ముక్త్యాల, విజయవాడల మధ్య 82 కిలోమీటర్ల మొదటి దశకు శంకుస్థాపన జరిగింది. ప్రణాళికల్లో కనిపించేది ముఖ్యంగా సరుకు రవాణాయే. సిమెంటు, బొగ్గు మంచివే, నేను కాదనను. విహారానికి మాత్రం ఏలూరు కాలువలో రెండు లాకుల తలుపులు బాగుచేసి, వాటి మధ్య, ఒక్క చిన్న బోటు వేస్తే చాలని నా అభిప్రాయం. లాకులో పడవ దిగడం చూడటానికే పిల్లలు వస్తారు.

అంతదాకా ఆగలేనివాళ్ళు దివిసీమకు వెళ్ళండి. పులిగడ్డ దాటి నాగాయలంకకు చేరితే శ్రీరామపాద క్షేత్రం రేవుంది. అక్కణ్ణుంచి దక్షిణంగా ఏటిమొగకు పోతే, అవతల ఎదురుమొండి దీవి జనం రోజూ దాటే పంటు దొరుకుతుంది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయలు, బడి పిల్లలు, చేపల బుట్టలు అన్నీ అందులోనే. చుట్టూ మడ అడవులు, కొంత దూరంలో సముద్రం. ఏడాది చివరి తుఫాన్ల కాలం ముగిశాక, ఎండలు ముదరకముందు వెళ్ళడం మేలు. దీవిలో రాత్రి ఉండే ఏర్పాటు లేకపోతే, తిరిగొచ్చే చివరి పంటు ఎన్ని గంటలకో ఎక్కేటప్పుడే సరంగును అడిగి పెట్టుకోండి.