బుర్ర పలికిన చరిత్ర

వాద్యాల చరిత్రను మనవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా రాస్తారు. ఒకటి దేవతలతో మొదలవుతుంది. సరస్వతి చేతి వీణ, శివుని ఢమరుకం, కృష్ణుని మురళి అంటూ సాగుతుంది. రెండోది విద్వాంసులతో మొదలవుతుంది. ఎవరు ఎవరికి శిష్యులు, ఏ సంస్థానంలో ఎవరికి గండపెండేరం తొడిగారు అన్న వివరాలతో ముగుస్తుంది. ఈ రెండు చరిత్రల్లోనూ కనిపించనివారు కొందరున్నారు. మట్టి తొక్కి గుమ్మెట చేసిన కుమ్మరి, తోలు పదును చేసి మూతకు బిగించిన మాదిగ, ఆనపబుర్ర ఎండబెట్టి దానికి తీగ కట్టుకుని ఇంటింటా కథ చెప్పుకున్న బిచ్చగాడు వారిలో ముఖ్యులు. వాద్యాన్ని సృష్టించింది వీరు. చరిత్రలో పేరు మిగలనిది కూడా వీరికే.

ఈ మాట ఒక్క తెలుగుదేశానికే వర్తించదు. మనకు చాలా దూరాన ఉన్న వియత్నాంలో ‘డాన్ బౌ’ అనే వాద్యం ఉంది. దానికి ఒకటే తీగ. ఒక చివర నిలువుగా సన్నని బెత్తం, ఆ బెత్తానికి తగిలించిన చిన్న బుర్ర. వాద్యగాడు కుడిచేత్తో తీగ మీటుతూ, అదే అరచేతి అంచుతో తీగను సరైన చోట తాకి స్వరం పుట్టిస్తాడు. ఎడమచేత్తో బెత్తాన్ని అటూ ఇటూ వంచి, తీగ బిగువు మార్చి, ఆ స్వరాన్ని మనిషి గొంతులా సాగదీస్తాడు. వియత్నాం భాషలో ‘బౌ’ అంటే ఆనపబుర్ర. ‘డాన్ బౌ’ అంటే బుర్రవాద్యం అన్నమాట. ఉత్తర వియత్నాం బజార్లలో చాప పరుచుకుని పాటలు పాడి బతికిన అంధ గాయకుల చేతుల్లో అది పెరిగింది. ఆస్థాన సంగీతంలో దానికి చోటు దొరికింది చాలా ఆలస్యంగానే.

తెలుగు పాఠకునికి ఇక్కడ బుర్రకథ గుర్తుకు రాకమానదు. ఈ పేరు ఎలా వచ్చిందన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కథకుని తంబురా కాయ బుర్రలా ఉంటుంది కనుక వచ్చిందని కొందరంటారు. వంతలు వాయించే గుమ్మెటనే కొన్ని చోట్ల బుర్ర అంటారు కనుక దానివల్ల వచ్చిందని మరికొందరంటారు. ఏది నిజమైనా ఒక సంగతి స్పష్టం. ఈ కళకు పేరు పెట్టింది దేవుడూ కాదు, రాజూ కాదు. దాని వాద్యమే ఆ పేరు పెట్టింది. కల్లుగీతగాడు నడుముకు కట్టుకునే బుర్ర, పిల్లలు కాలవలో ఈత నేర్చుకునేటప్పుడు వీపున కట్టుకునే బుర్ర, రైతు విత్తనాలు దాచుకునే బుర్ర ఎలాంటివో, ఇదీ అలాంటిదే. పనిచేసే మనిషి ఇంట్లోని వస్తువు.

బుర్రకథకు మూలం జంగం కథ. శైవ జంగాలు, వారి వెంట వంతపాడే కుటుంబసభ్యులు ఊరూరా తిరిగి చెప్పిన కథల నుంచి ఇది రూపుదిద్దుకుంది. కథకుని భుజం మీద తంబురా ఉంటుంది. కుడిచేతి వేళ్లకు అందెలు, అంటే లోపల గుండ్లు వేసిన బోలు లోహపు ఉంగరాలు ఉంటాయి. ఇరువైపులా ఇద్దరు వంతలు. వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. దీన్నే డక్కీ అనీ, బుడిగె అనీ కూడా అంటారు. మొదట మట్టిది, తరువాతి రోజుల్లో ఇత్తడిది వచ్చింది. ఈ మూడింటికి మించి బుర్రకథకు సరంజామా లేదు. పద్యనాటకానికి పందిరి కావాలి, తెరలు కావాలి, హార్మోనియం కావాలి, దీపాలు కావాలి, వీటన్నిటికీ డబ్బు పెట్టే ధనికుడు కావాలి. బుర్రకథకు నాలుగడుగుల చోటు చాలు. పేదరికం నేర్పిన ఈ పొదుపే ఒకనాటికి దాని బలమైంది.

ఆ రోజు 1940ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. కృష్ణా ఆనకట్ట (1852–55) తరువాత డెల్టాలో పంట పెరిగింది, కాలవల వెంట ఊళ్లు పెరిగాయి, వ్యాపారం పెరిగింది. పెరిగిన పంట పండించినవాడి గాదెకు పూర్తిగా చేరలేదు. బెజవాడ రైతు, కార్మిక ఉద్యమాలకు కేంద్రమైంది. చదువురాని లక్షలాది మందికి ఉద్యమ సందేశం ఎలా చేరవేయాలన్నది అప్పటి కార్యకర్తల ముందున్న సమస్య. పత్రిక చదవగలవాడు ఊరికి ఏ కొద్దిమందో. అప్పుడు వాళ్లు జంగం చేతిలోని తంబురా వైపు చూశారు. కృష్ణాజిల్లా ఈడుపుగల్లుకు చెందిన సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ అనే బుర్రకథ రాశారు. రాజకీయ బుర్రకథల్లో దాన్నే మొదటిదిగా చెబుతారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారి కృషితో, ఈ కళను పల్లెపల్లెకూ తీసుకుపోయింది. 1944 మార్చిలో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ నాటికి ఆంధ్ర జానపద కళారూపాలు దేశం నలుమూలల నుంచి వచ్చినవారి దృష్టిని ఆకర్షించే స్థాయికి చేరాయి.

గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళకు పర్యాయపదమయ్యారు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ, బెంగాల్ కరువు ఆయన గొంతులో జనానికి చేరాయి. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకడం పింజారుల కులవృత్తి. దూది ఏకే విల్లుకు ఉండేదీ ఒకటే నారి. బడిత దెబ్బకు అది మోగుతుంటే దూది పింజలుగా విడిపోతుంది. వినికిడి గలవానికి అదీ ఒక ఏకతార వాద్యమే. శ్రమకూ సంగీతానికీ మధ్య గోడ ఎంత పల్చనిదో చెప్పటానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పాత వాద్యంలో కొత్త కథ నింపడంతోనే ఉద్యమం ఆగలేదు. వాద్యం పట్టే చేతిని కూడా మార్చింది. వంతల్లో ఒకరు వర్తమాన రాజకీయం మాట్లాడటం, మరొకరు హాస్యంతో దానికి పదును పెట్టడం స్థిరపడింది. జంగం కథ జంగాలదే. బుర్రకథ మాత్రం ఏ కులంవారైనా, ఏ మతంవారైనా నేర్చుకోగలదయింది. మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి, తంబురా భుజాన వేసుకుని, జనం మధ్య నిలబడి కథ చెప్పారు. భద్రలోకపు ఆడపిల్ల వీణ నేర్చుకోవచ్చు, అదీ ఇంటి నాలుగు గోడల మధ్య. గుమ్మెట వాయిస్తూ వీధిలో అడుగులు వేయడం వేరు. ఆ రోజుల్లో అది కథలోని ఏ ఘట్టానికీ తీసిపోని సాహసం.

పాలకులు దీని బలాన్ని తొందరగానే గుర్తించారు. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ (1947) నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1948 తరువాత సాగిన నిర్బంధంలో దళాలు చెదిరిపోయాయి. అయితే అణచటం ఒక పద్ధతి, అరువు తెచ్చుకోవటం మరో పద్ధతి. 1953లో రాజారావు తీసిన ‘పుట్టిల్లు’తో బుర్రకథ వెండితెరకు ఎక్కింది. అది కళాకారులు స్వయంగా చేసిన ప్రయత్నం. తరువాతి దశాబ్దాల్లో ప్రభుత్వ ప్రచార శాఖలే బుర్రకథ దళాలను పిలిచి, కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు కథలు చెప్పించాయి. తంబురా అదే, గుమ్మెట అదే, అందెలూ అవే. ప్రశ్న అడిగిన వాద్యం ఇప్పుడు ప్రకటన చదివింది. వాద్యానికి తనంత తానుగా పక్షం ఉండదని, పట్టుకున్నవాడే దానికి పక్షం ఇస్తాడని దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం, అంటే అభ్యుదయ వాదులం, ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. కథ రాసినవారి పేర్లు మనకు తెలుసు. చెప్పినవారి పేర్లు తెలుసు. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది, 1997లో ఆయన కన్నుమూశారు. ఇవన్నీ రికార్డయ్యాయి. ఆ దళాల గుమ్మెటలు ఏ ఊరి కుమ్మరి చేశాడు? తోలు ఎవరు మూశారు? తంబురా కాయ ఎవరు తొలిచారు? మనం రాసుకున్న చరిత్రలో ఈ ప్రశ్నలకు జవాబు లేదు. నూజివీడు వీణ అంటే అందరికీ తెలుసు. దాని వెనుక ఒక జమీందారీ పేరుంది. గుమ్మెటకు అలా ఊరి పేరు లేదు, ఎందుకంటే దాన్ని ఆదరించిన జమీందారు లేడు. జమీందారుల చరిత్రకు ఎదురు చరిత్ర రాయబూనిన మనం కూడా ఈ ఖాళీని పూరించలేదు.

సభల్లో గౌరవం పొందే మృదంగం సంగతీ ఇంతే. దాని మూతలకు పశువుల చర్మం కావాలి. ఆ చర్మం ఒలిచి పదును చేసినవాడికి, ఆ మృదంగం మోగిన గుడిలోకి శతాబ్దాల పాటు ప్రవేశం లేదు. చేసినవాడు అంటరానివాడు, చేసిన వస్తువు పూజనీయం. వియత్నాంలో ‘అన్నపు డోలు’ అనే అర్థమిచ్చే పేరుతో ఒక డోలు ఉంది. మనవాళ్లు మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద అద్దినట్టే, వాళ్లు అన్నం ముద్ద అద్ది దాని శ్రుతి సరిచేస్తారు. భారతీయ సంస్కృతి ప్రభావం గల చంపా రాజ్యం ద్వారా అది అక్కడికి చేరిందని పరిశోధకుల అభిప్రాయం. 1044లో లీ వంశపు రాజు చంపాను జయించి అక్కడి అంతఃపుర గాయనులను, నర్తకులను బందీలుగా తెచ్చుకున్నాడని వియత్నాం చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. వాద్యాలూ పాటలూ ఎప్పుడూ స్నేహంతోనే దేశాలు దాటవు. కొన్నిసార్లు సంకెళ్లతో దాటుతాయి.

వలస పాలన మరో రకం సంకెల వేసింది. 1949లో మధ్య వియత్నాం కొండప్రాంతంలోని ఒక గ్రామం దగ్గర పదకొండు రాతి పలకలు బయటపడ్డాయి. ఒక్కో పలక ఒక్కో స్వరం పలుకుతుంది. ఫ్రెంచి పరిశోధకుడు జార్జి కొండొమినాస్ వాటి విలువ గుర్తించాడు. అవి పారిస్ మ్యూజియానికి చేరాయి. స్వతంత్రమైన తరువాత వియత్నాం తన వాద్యాల విషయంలో మేలుకుంది. యుద్ధాల నడుమనే, 1956లో హనోయిలో జాతీయ సంగీత పాఠశాల ప్రారంభించింది. బజారు గాయకుని ఒంటితీగ వాద్యం పాఠ్యాంశమైంది. దాన్నీ గుడ్డిగా మెచ్చుకోనక్కరలేదు. వేదిక ఎక్కిన డాన్ బౌకు విద్యుత్ పరికరం బిగించారు. స్వరం పెద్దదయింది, కాని బజారులోని చాప కనుమరుగయింది. అయినా, బిచ్చగాని వాద్యం జాతి వాద్యం కాగలదని వాళ్లు నిరూపించారు.

మన దగ్గర? ఆనపబుర్రలు కట్టిన కిన్నెరను తరతరాలుగా కాపాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తరువాత కూడా ఆయన కూలిపని చేయవలసి వచ్చిందని 2024లో పత్రికలు రాశాయి.  బిరుదు మనిషికి వచ్చింది, వాద్యానికి బతుకుతెరువు రాలేదు.

దొరల హోదాను పేరులోనే మోస్తున్న మన గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు మీద రోజూ వేలమంది నడుస్తారు. ఒకనాడు ఈ పట్నం నుంచే తంబురాలు భుజాన వేసుకుని దళాలు పల్లెలకు బయలుదేరాయని వారిలో ఎందరికి తెలుసు? తెలియకపోవడం వారి తప్పు కాదు, చెప్పకపోవడం మన తప్పు. బుర్రకథ పాఠాలను పుస్తకాలుగా అచ్చువేసుకున్నాం, మంచిదే. ఇక గుమ్మెట చేసే చేతుల దగ్గరకు వెళ్లాలి. మట్టి ఎక్కడిది, తోలు ఎలా మూస్తారు, శ్రుతి ఎలా చూస్తారు, ఈ పని ఎవరు ఎవరికి నేర్పారు అని అడిగి రాసుకోవాలి. చేసేవాళ్లు ఇంకా కొద్దిమందైనా ఉండగానే ఆ పని జరగాలి. లేకపోతే, రేపు మన బుర్ర కూడా ఏదో ఒక మ్యూజియం అద్దాల బీరువాలో మూగగా కూర్చుంటుంది. దాని పక్కన ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీ మీద దాన్ని చేసినవాని పేరు మాత్రం ఉండదు.