ఎలుగు ఇల్లు, మన ఇల్లు

మన పెద్దలకు ఎలుగుబంటి కనబడటం వింతేమీ కాదు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే చెట్ల కిందికి మనమూ వెళ్తాం, అదీ వస్తుంది. తునికి పండు, నేరేడు పండు, రేగు పండు, తేనె... అడవి మనకూ దానికీ ఒకే విస్తరిలో వడ్డించింది. అందుకే గుంపుగా, మాట్లాడుకుంటూ నడవాలని పెద్దలు చెప్పేవారు. ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది కానీ చూపు తక్కువ. అలికిడి లేకుండా దగ్గరకు వెళ్తే భయపడి మీద పడుతుంది. పిల్లలతో ఉన్న తల్లి అయితే మరీ ప్రమాదం.

ఆ ఎలుగు అడవి నుంచి వీధిలోకి ఎలా వచ్చింది? వేటగాళ్లు తల్లిని చంపి పిల్లలను ఎత్తుకెళ్లేవారు. వాటి ముట్టెను కాల్చిన సూదితో పొడిచి తాడు వేసేవారు, పళ్లు పీకేసేవారు. ఉత్తరాన, కర్ణాటకలో కలందర్లు తరతరాలుగా వాటిని ఆడించి పొట్ట పోసుకున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా ఆ ఆట చాలా ఏళ్లు ఆగలేదు. చట్టం శిక్ష చెప్పింది కానీ కూడు చూపలేదు. 2002లో ఆగ్రా దగ్గర ఎలుగుల సంరక్షణ కేంద్రం మొదలైంది. దాన్ని నడిపే వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ఎలుగును అప్పగించిన కుటుంబాలకు వేరే బతుకుతెరువు, పిల్లలకు చదువు చూపింది. అలా 600కు పైగా ఎలుగులు బయటపడ్డాయి. 2009 నాటికి వీధుల్లో ఆ ఆట ముగిసింది.

కానీ ఆ ఎలుగులు అడవికి తిరిగి వెళ్లలేకపోయాయి. పళ్లు లేవు, తిండి వెతుక్కోవడం తెలియదు. పిల్ల ఎలుగు రెండేళ్లకు పైగా తల్లి వెంట తిరిగి ఏ పండు ఎప్పుడు పండుతుందో, పుట్టను ఎలా తవ్వాలో నేర్చుకుంటుంది. ఆ చదువు పోయిన ఎలుగుకు అడవి కూడా పరాయి చోటే.

ఆ చదువును మళ్లీ చెప్పే ప్రయత్నం అరుణాచల్‌ప్రదేశ్‌లో జరిగింది. నిషీ గిరిజనులు ఉండే పక్కె అడవిలో 2002లో ఒక కేంద్రం పెట్టారు. తల్లిని పోగొట్టుకున్న నల్ల ఎలుగు పిల్లలను సంరక్షకులు రోజూ అడవిలో నడిపిస్తారు. అవి చెట్లు ఎక్కుతాయి, తిండి వెతుక్కుంటాయి. పెరిగేకొద్దీ మనిషి సావాసం తగ్గిస్తారు. చివరకు మెడకు రేడియో పట్టీ కట్టి వదిలేస్తారు.

అయితే వదిలేందుకు అడవి ఉండాలి కదా! హంపికి దగ్గరలో ఉన్న దరోజి రాతి కొండలను 1994లో ఎలుగుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ పండ్ల చెట్లు నాటారు, గుట్టలను కాపాడారు. సాయంత్రం పూట బండల మీద తిరిగే ఎలుగులను జనం దూరంగా ఉన్న మంచె మీంచి చూస్తారు. ఎవరూ గొలుసు వేయలేదు, ఎవరూ రాయి విసరరు.

మన దగ్గర పరిస్థితి వేరు. శ్రీకాకుళం ఉద్దానంలో గుట్టలు తరిగి, ఎలుగులు జీడి తోటల్లోకి, ఊళ్లలోకి వస్తున్నాయి. మనుషులు చనిపోయారు, ఎలుగులూ చనిపోయాయి. పట్టుకెళ్లి మరో అడవిలో వదిలితే సరిపోతుందా? అక్కడ తిండి, నీరు, గుహ లేకపోతే మళ్లీ ఏదో ఒక ఊరి దారే పడుతుంది.

ఇక్కడే మన మాట చెప్పాలి. జంతువుల పేరు చెప్పి మనల్ని అడవి నుంచి పొమ్మంటే ఒప్పుకోం. గుట్టను తొలిచే క్వారీ మన ఇప్పచెట్టునూ కూల్చుతుంది, ఎలుగు గుహనూ కూల్చుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకూ ఇచ్చింది. పట్టా కోసం ఆ చట్టాన్ని చదివిన మనం ఆ సెక్షన్‌నూ చదవాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఎలుగు కనబడితే సెల్‌ఫోన్ పట్టుకుని వెంటపడకండి, దానికి దారి వదలండి. మీ ఊరి తాతలను, అవ్వలను అడగండి: ఏ గుట్టలో ఎలుగులు ఉండేవి, ఏ వాగులో నీళ్లు తాగేవి, ఎప్పటి నుంచి రావడం మానేశాయి? ఆ పేర్లు రాసి, పటం గీసి గ్రామసభ ముందు పెట్టండి. ఎలుగు పాత ఇల్లు ఎక్కడో ఆ పెద్దలకే తెలుసు. వాళ్లు ఉండగానే అడగాలి.