వాహకనౌక శక్తి – ఉపగ్రహ ఇంటర్నెట్‌ విస్తరణ: శ్రీహరికోట నుంచి రాజాం మన్యం అంచు వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉపగ్రహ ఇంటర్నెట్‌ సేవ ఎప్పుడు, ఎంత వేగంగా విస్తరిస్తుందన్నది ఉపగ్రహ నిర్మాణంతోపాటు దానిని మోసుకుపోయే వాహకనౌక శక్తిపైన, ప్రయోగాల సంఖ్యపైన ఆధారపడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1980 నుంచి 2025 వరకు జరిగిన ప్రయోగాలను ఆధారం చేసుకొని, రాజాం పరిసర మన్యం వంటి ప్రాంతాల అవసరం దృష్ట్యా ఈ సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శ్రీహరికోట, రాజాం, ఎల్‌.వి.ఎం.-3, వన్‌వెబ్‌, జీశాట్‌, ఉపగ్రహ ఇంటర్నెట్‌.

1. ఉపోద్ఘాతం:
రాజాం మైదాన ప్రాంతపు పట్టణం. 2022 ఏప్రిల్‌ 4 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అది శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్లి పాలకొండ దాటితే సీతంపేట మన్యం మొదలవుతుంది. కొండవాలుల్లో విడివిడిగా ఉండే సవర, జాతాపు గూడేలకు కేబులు లాగడం, టవరు నిలబెట్టడం ఖర్చుతో కూడిన పనులు.

2017 డిసెంబరు 27న జాతికి అంకితమైన ఆంధ్రప్రదేశ్‌ ఫైబర్‌నెట్‌, ఖర్చు తగ్గించుకోవడానికి కేబులును భూమిలో పాతకుండా విద్యుత్‌ స్తంభాల మీదుగా లాగే పద్ధతిని ఎంచుకుంది. ఏడాది తిరగకముందే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా తీరాన్ని తాకి వేల స్తంభాలను కూల్చింది. స్తంభం కూలినచోట విద్యుత్తు, దాని మీది కేబులు ఒక్కసారే పోతాయి. కొండ అడ్డు, గాలివాన దెబ్బ తక్కువగా ఉండే ప్రత్యామ్నాయం ఉపగ్రహ మార్గం. ఆ మార్గానికి ద్వారమైన శ్రీహరికోట తెలుగునేల మీదే ఉన్నా సేవ ఎందుకు ఆలస్యమైందన్నది ఇక్కడి ప్రశ్న.

2. తొలిదశ – పరాయి వాహకాలు:
1980 జులై 18న ఎస్‌.ఎల్‌.వి.-3 శ్రీహరికోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ వాహకం మోయగలిగింది సుమారు 40 కిలోలు. సమాచార ఉపగ్రహాల బరువు అప్పటికే వందల కిలోలు దాటింది. అందువల్ల 1981 జూన్‌ 19న ‘ఆపిల్‌’ ఐరోపా వారి ఏరియన్‌ మీద, 1983 ఆగస్టు 30న ఇన్‌శాట్‌-1బి అమెరికా స్పేస్‌ షటిల్‌ ‘చాలెంజర్‌’ మీద వెళ్లాయి.

పరాయి వాహకం మీద ఆధారపడితే కలిగే చిక్కు 1986లో తెలిసింది. ఆ ఏడాది జనవరిలో చాలెంజర్‌ పేలిపోవడంతో షటిల్‌లో వెళ్లవలసిన ఇన్‌శాట్‌-1సి ఆగిపోయింది. చివరకు 1988 జులైలో ఏరియన్‌ మీద వెళ్లింది. ఉపగ్రహం సిద్ధంగా ఉన్నా వాహకం లేకపోతే సేవ లేదన్న పాఠం అప్పటిది.

3. సొంత వాహకం – క్రయోజెనిక్‌ అవరోధం:
భూస్థిర కక్ష్య భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. బరువైన ఉపగ్రహాన్ని ఆ దారి పట్టించడానికి ద్రవ హైడ్రోజన్‌, ద్రవ ఆక్సిజన్‌లతో పనిచేసే క్రయోజెనిక్‌ ఇంజిన్‌ను ఇస్రో ఎంచుకుంది. ఈ సాంకేతికత కోసం 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో కుదిరిన ఒప్పందం అమెరికా ఒత్తిడివల్ల 1993లో మారింది. ఇంజిన్లు వచ్చాయి గాని పరిజ్ఞానం రాలేదు.

రష్యా ఇంజిన్‌తోనే 2004 సెప్టెంబరు 20న జి.ఎస్‌.ఎల్‌.వి. విద్యారంగానికి ప్రత్యేకించిన ఎడ్యుశాట్‌ను కక్ష్యలోకి చేర్చింది. 2006 జులై 10న ఇన్‌శాట్‌-4సి, 2010 డిసెంబరు 25న జీశాట్‌-5పి వాహకవైఫల్యాలతో నాశనమయ్యాయి. వాటితోపాటు ప్రసారాలకు, వీశాట్‌ అనుసంధానాలకు ఉద్దేశించిన ట్రాన్స్‌పాండర్లూ పోయాయి. ఇన్‌శాట్‌-4సి స్థానంలో మరొకటి ఎగరడానికి 14 నెలలు పట్టింది. స్వదేశీ క్రయోజెనిక్‌ ఇంజిన్‌ 2014 జనవరి 5న గాని సఫలం కాలేదు.

4. 2018 – బరువు గీసిన గీత:
తిత్లీ వచ్చిన నెల తరువాత, నవంబరు 14న శ్రీహరికోట నుంచి అప్పట్లో జి.ఎస్‌.ఎల్‌.వి. మార్క్‌-3గా పిలిచిన ఎల్‌.వి.ఎం.-3, 3,423 కిలోల జీశాట్‌-29ను మోసుకెళ్లింది. మూడు వారాలకు, డిసెంబరు 5న దేశానికి బ్రాడ్‌బ్యాండ్‌ అందించడానికి నిర్మించిన జీశాట్‌-11 ఫ్రెంచ్‌ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్‌-5 మీద వెళ్లింది. దాని బరువు 5,854 కిలోలు, ఎల్‌.వి.ఎం.-3 భూస్థిర బదిలీ కక్ష్యకు చేర్చగలిగేది సుమారు 4,000 కిలోలు. ఇంటర్నెట్‌ సామర్థ్యం పెరగాలంటే మరిన్ని యాంటెనాలు, మరింత విద్యుత్తు కావాలి. అవి బరువును పెంచుతాయి. 2024 నవంబరులో 4,700 కిలోల జీశాట్‌-ఎన్‌2 కూడా అమెరికా నుంచి ఫాల్కన్‌-9 మీదనే వెళ్లింది. సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యం గల ఆ ఉపగ్రహానికి శ్రీహరికోట నుంచి దారి లేకపోయింది.

5. వన్‌వెబ్‌ – దిగువ కక్ష్యలో కొత్త లెక్క:
భూస్థిర ఉపగ్రహం ద్వారా ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అరసెకను పడుతుంది. దిగువ భూకక్ష్యలో ఈ జాప్యం బాగా తగ్గుతుంది. అయితే అక్కడి ఒక్కో ఉపగ్రహానికి కనిపించే నేల తక్కువ కనుక వందలు, వేల ఉపగ్రహాలు కావాలి. అప్పుడు ఒక్క ప్రయోగపు శక్తితోపాటు ఎన్నిసార్లు ప్రయోగించగలరన్నదీ ముఖ్యమవుతుంది.

భారతీ గ్రూపు ప్రధాన వాటాదారుగా ఉన్న వన్‌వెబ్‌ రష్యా సోయజ్‌ రాకెట్లను నమ్ముకుంది. ఉక్రెయిన్‌ యుద్ధం నేపథ్యంలో 2022 మార్చిలో బైకనూర్‌ ప్రయోగం రద్దయి, 36 ఉపగ్రహాలు అక్కడే చిక్కుకున్నాయి. ఆ ఖాళీని పూరించినవాటిలో శ్రీహరికోట ఒకటి. ఎల్‌.వి.ఎం.-3 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న మరో 36 వన్‌వెబ్‌ ఉపగ్రహాలను చేర్చింది. రెండవ ప్రయోగంతో కక్ష్యలోని వన్‌వెబ్‌ ఉపగ్రహాలు 618కి చేరి, ప్రపంచవ్యాప్త సేవకు కావలసిన తొలితరం సమూహం పూర్తయింది.

అయితే 2023 జులైలో చంద్రయాన్‌-3ను మోసిన తరువాత 2025 నవంబరు 2న సీఎంఎస్‌-03తో లేచేవరకు ఎల్‌.వి.ఎం.-3 మళ్లీ ఎగరలేదు. మొదటి అంచెను తిరిగి దించి మళ్లీ వాడే ఫాల్కన్‌ శ్రేణి ఒక్క 2024లోనే 130కి పైగా ప్రయోగాలు చేసింది. స్టార్‌లింక్‌ ఉపగ్రహాలు వేల సంఖ్యకు చేరడానికి ఈ పునర్వినియోగమే మూలం. 2024 సెప్టెంబరులో కేంద్రమంత్రివర్గం ఆమోదించిన కొత్తతరం వాహకనౌకకు దిగువ కక్ష్యకు 30 టన్నుల సామర్థ్యం, తిరిగి వాడదగిన మొదటి అంచె లక్ష్యాలు కావడం ఈ లోటుకు సమాధానంగా గ్రహించవచ్చు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల అవరోధం స్థానం మారుతూ వచ్చిందని తెలుస్తుంది. మొదట అది వాహకం లేకపోవడం. తరువాత మోయగల బరువు. ఆపైన ప్రయోగాల సంఖ్య. వన్‌వెబ్‌ సమూహం పూర్తయినాక అది నేలమీదికి దిగింది. ఉపగ్రహసేవలకు వేలం లేకుండా స్పెక్ట్రమ్‌ కేటాయించే వీలును 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కల్పించినా, దాని ధరపై ట్రాయ్‌ సిఫారసు 2025 మేలో గాని వెలువడలేదు.

కాబట్టి వాహకనౌక వికాసం ఈ సేవకు తప్పనిసరి షరతే గాని, చాలిన షరతు కాదు. రాకెట్లు పెరిగినకొద్దీ కక్ష్యకు చేర్చే ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గుదల గ్రాహక పరికరం ధరలో, నెలసరి రుసుములో కనిపించకపోతే సీతంపేట గూడేనికి చేరేదేమీ ఉండదు. పరికరానికి విద్యుత్తు కూడా కావాలి కనుక, తుఫాను ప్రాంతాలలో సౌరఫలకం, బ్యాటరీ లేని ఉపగ్రహసేవ స్తంభం కూలిన రోజున పనికిరాదు. గూడేనికి ఒకటిగా పాఠశాలలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో వీటితో కూడిన ఉమ్మడి పరికరాన్ని నెలకొల్పడం, ఇంటింటికీ అమ్మే పద్ధతి కన్నా ఈ ప్రాంతానికి తగిన మార్గం.