సామాజికమాధ్యమములు - లోకవ్యవహారపరీక్ష

రాజుల చరిత్రమునకు శాసనములును, నాణెములును, యాత్రికుల వ్రాఁతలును ఆధారములు. సామాన్యజనుల మాటలకును, మనోవృత్తులకును అట్టి యాధారములు పూర్వము మిక్కిలి స్వల్పములు. 1662వ సంవత్సరమున లండను నగరవర్తకుఁడగు జాన్ గ్రాంట్, వారవారము అచ్చుపడుచుండిన మరణపట్టికలను పరిశీలించి, జననమరణములయందలి క్రమమును నిరూపించుచు నొక గ్రంథమును ప్రకటించెను. ఒక ప్రయోజనమునకై వ్రాయఁబడిన లెక్క మఱియొక శాస్త్రమునకు మూలమగుటకు ఇది ప్రసిద్ధోదాహరణము.

2004లో ఫేస్‌బుక్కును, 2006లో ట్విట్టరును వెలసిన పిదప అట్టి సామగ్రి అపారముగా వృద్ధిపొందెను. జనులు తమలోఁ దాము పలుకుకొను మాటలు కాలసూచనతోఁ గూడ నింత విస్తారముగా నిలిచియుండుట పూర్వమెన్నఁడును లేదు. 2009లో డేవిడ్ లేజర్ మొదలగు పండితులు ‘సైన్స్’ పత్రికయందు, ఈ సామగ్రి మూలముగా గణనాత్మక సామాజికశాస్త్ర మొకటి పుట్టుచున్నదని చాటిరి.

ఆ శాస్త్రఫలములలోఁ గొన్ని గణనీయములు. 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన గోల్డర్, మేసీ అను వారు 84 దేశములలోని సుమారు 24 లక్షల మంది ట్విట్టరు వ్రాఁతలను పరీక్షించిరి. ఉదయమున ప్రసన్నమగు చిత్తము పగలు గడచినకొలఁదిఁ దగ్గుననియు, సెలవుదినములయందు ఉదయప్రసన్నత యాలస్యముగాఁ గానవచ్చుననియు వారు తేల్చిరి. ఆ సంవత్సరముననే 72 కోట్ల ఫేస్‌బుక్కు సభ్యుల మైత్రీబంధములను లెక్కించి, ఏ యిరువురి నడుమనైనను సగటు దూరము 4.74 మెట్లని నిర్ణయించిరి. 1967లో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఉత్తరములను చేతులు మార్పించి శోధించిన ప్రశ్నయే యిది.

ఇంత విస్తారమగు సామగ్రి యుండఁగా ఫలితములయందు సంశయమేల యని పూర్వపక్షము. విస్తారమే ప్రామాణ్యము కాదని 1936వ సంవత్సరమే నిరూపించినది. ఆ యేఁట అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటి మందికి చీట్లు పంపి, ఇరువది లక్షలకుఁ బైఁబడిన ప్రత్యుత్తరములను లెక్కించి, లాండన్ గెలుచునని ప్రకటించెను. రూజ్‌వెల్టు అఖండవిజయము నొందెను. చీట్లు విశేషముగా టెలిఫోనులును, మోటారుకార్లును గలవారికిఁ జేరుటయు, చేరినవారిలోఁ గొందఱే బదులు వ్రాయుటయు దోషకారణములు.

వ్యాకరణశాస్త్రమున నిట్టి చర్చ ప్రాచీనము. మహాభాష్యమున పస్పశాహ్నికమునందు, కొన్ని శబ్దములు లోకమున ప్రయుక్తములు కావని ప్రతివాది యనఁగా, పతంజలి శబ్దప్రయోగవిషయము మిక్కిలి విశాలమనియు, దానినంతయుఁ బరికింపక ప్రయోగము లేదనుట సాహసమనియు సమాధానము చెప్పెను. గమనార్థకమగు నొక ధాతువు క్రియారూపమునఁ గంబోజులయందే ప్రసిద్ధమనియు, ఆర్యులు దానిని నామముగానే వాడుదురనియు నుదాహరించెను. ఈ న్యాయము నేఁటి సామగ్రికిని వర్తించును. నిరక్షరులు, వృద్ధులు, ఫోను లేని పేదలు మాధ్యమములయందుఁ గానరారు. వారు కానరాకుండుట వారికి మాట లేకుండుట కాదు. ఒక్కనికే పెక్కు ఖాతాలుండుటయు, యంత్రములు మనుష్యులవలెఁ బలుకుటయు మఱియొక చిక్కు. తెలుఁగును రోమను లిపిలో వ్రాయువారు పెక్కండ్రు గలరు. తెలుఁగులిపిని మాత్రమే వెదకు గణకుఁడు వారి నెఱుఁగఁడు. ‘ఎంత గొప్పపని చేసితివి’ అను వాక్యము స్తుతియో, నిందయో పదములను లెక్కించినమాత్రమునఁ దెలియదు.

ప్రామాణ్యదోషముకంటె ధర్మదోషము గురుతరము. 2012 జనవరిలో నొక వారము 6,89,003 మంది ఫేస్‌బుక్కు సభ్యులకుఁ గనఁబడు వార్తలలో సంతోషవచనములనో, దుఃఖవచనములనో తగ్గించి, వారి వ్రాఁత మాఱునా యని పరీక్షించిరి. మాఱినది స్వల్పమే; కాని పరీక్షింపఁబడుచుంటిమని వారెఱుఁగరు. 2014లో ఫలితములు వెలువడఁగా, ప్రకటించిన పత్రికయే సమ్మతివిషయమునఁ దన యాందోళనమును ముద్రించెను. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వృత్తాంతము బయలుపడెను. ఒక ప్రశ్నావళికి సుమారు 2,70,000 మంది సమ్మతింపఁగా, వారి మిత్రుల వివరములుకూడఁ జేరి, 8 కోట్ల 70 లక్షల వఱకు జనుల సమాచారము పరహస్తగతమై యుండునని ఫేస్‌బుక్కువారే యొప్పుకొనిరి. ఒకని సమ్మతి మఱియొకనికిఁ జెల్లదను సామాన్యధర్మ మిచ్చట లోపించినది.

అటుపిమ్మట ద్వారములు మూఁతపడసాగెను. 2023లో ట్విట్టరు ఎక్స్ అను పేరు దాల్చిన యేఁటనే, పరిశోధకులకు వెల లేక లభించుచుండిన ప్రవేశము తొలఁగెను. 2024 ఆగస్టులో మెటా సంస్థ క్రౌడ్‌టాంగిల్ అను పరిశీలనసాధనమును నిలిపివేసెను. ఇందుచే జనుల మాటలు మఱుఁగుపడలేదు. వానిని సంస్థలు చూచుచునే యున్నవి, స్వతంత్రపరిశోధకుఁడు మాత్రము వెలుపల నిలిచెను. 2022 నాఁటి ఐరోపాసమాఖ్య డిజిటల్ సేవల శాసనము, అర్హులగు పరిశోధకులకుఁ బెద్దసంస్థలు సామగ్రి నొసఁగవలెనని విధించినది. భారతదేశమున 2017లో సుప్రీంకోర్టు ఆంతరంగికతను ప్రాథమికహక్కుగా నిర్ణయించెను.

గ్రాంట్ పరిశీలించిన పట్టికలు అచ్చుపడి యందఱకు లభించుచుండెను. కావుననే యాతని లెక్కలను పరులు మరల లెక్కించి, తప్పొప్పులను విడఁదీయఁగలిగిరి. పునఃపరీక్షకు వీలులేని ప్రమాణము ప్రమాణము కాదు. సమ్మతి లేని సంగ్రహము పరిశోధన కాదు. ఈ రెండు నియమములును ఏకకాలమునఁ బాటింపఁబడిననాఁడే లోకవ్యవహారపరీక్ష శాస్త్రమను పేరునకుఁ దగియుండును.