బురద సాక్ష్యం

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ పరిసరాల్లో ఇటుకల కోసం మన్ను తవ్విన గోతుల గోడల మీద సన్నని చారలు కనిపిస్తాయి. ఒక లేత చార, దాని మీద ఒక ముదురు చార, మళ్లీ లేతది, మళ్లీ ముదురుది. 1878లో గెరార్డ్ డె గీర్ అనే యువ భూగర్భ శాస్త్రవేత్త వాటిని చూసి, ఏడాదికో జత చొప్పున పడి ఉంటాయని ఊహించారు. హిమానీనదం వేసవిలో కరిగి, దాని ముందున్న నీటిలోకి మోటు ఒండ్రును తోసుకొస్తే లేత పొర. చలికాలంలో పైన మంచు గడ్డకట్టి, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు తేలుతున్న బంకమన్ను అడుక్కి దిగితే ముదురు పొర. రెండూ కలిస్తే ఒక సంవత్సరం. వీటికి వార్వ్‌లని పేరు.

ఊహ సరైనదే కానీ, దాన్ని లెక్కగా మార్చడానికి పాతికేళ్లు దాటింది. 1905 వేసవిలో డె గీర్ తన విద్యార్థులను సుమారు 200 కిలోమీటర్ల పొడవునా గోతుల దగ్గర నిలబెట్టారు. వాళ్లు గోడను నునుపుగా చెక్కి, దానికి కాగితపు పట్టీ ఆనించి, ప్రతి పొర అంచు దగ్గరా పెన్సిల్ గీత పెట్టారు. ఒక గోతిలో మందంగా పడ్డ సంవత్సరం పక్క గోతిలోనూ మందంగానే ఉంటుంది కాబట్టి పట్టీలను పక్కపక్కన పరిచి జత కలపవచ్చు. అలా గొయ్యి నుంచి గోతికి లెక్క ఉత్తరానికి సాగింది. హిమానీనదం వెనక్కి తగ్గిన వేగం ఏడాది ఏడాదికీ తెలిసింది. 1910లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభలో ఆయన 12,000 ఏళ్ల కాలక్రమాన్ని సభ ముందు పెట్టారు. భూగర్భ శాస్త్రం ‘చాలా కాలం క్రితం’ అనే మాటను వదిలి సంవత్సరాల్లో మాట్లాడటం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. ఆ ఊపులోనే డె గీర్ 1920లో అమెరికా వెళ్లి, అక్కడి పొరలను స్వీడన్ పొరలతో నేరుగా జోడించబోయారు. అది నిలవలేదు. సముద్రానికి ఆ పక్కా ఈ పక్కా ఒకే ఏడు ఒకే మందంలో మన్ను పడాలన్న నియమం లేదు కదా.

ఈలోగా డెన్మార్క్‌లో మరో ఆధారం దొరికింది. కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన అల్లెరోడ్ దగ్గరి మట్టి గోతిలో రెండు బంకమట్టి పొరల నడుమ చెట్టూచేమా అవశేషాలున్న పొర ఒకటి ఉందని 1901లో హార్ట్జ్, మిల్థెర్స్ ప్రకటించారు. కింది మట్టిలోనూ పై మట్టిలోనూ డ్రయాస్ అనే ధ్రువప్రాంతపు మొక్క ఆకులున్నాయి. అంటే చలి తగ్గి, వాతావరణం వెచ్చబడి, మళ్లీ చలి విరుచుకుపడింది. ఈ రెండో చలికాలాన్నే ఇప్పుడు యంగర్ డ్రయాస్ అంటున్నాం. సుమారు 12,900 ఏళ్ల క్రితం మొదలై 11,700 ఏళ్ల క్రితం ముగిసింది. ఆకులు దొరకని చోట ఏం చేయాలన్నదానికి లెనార్ట్ ఫన్ పోస్ట్ 1916లో జవాబు చెప్పారు: పుప్పొడి. గాలికి ఎగిరి నీళ్లలో పడ్డ పుప్పొడి రేణువు పైతొడుగు ప్రాణవాయువు అందని బురదలో వేల ఏళ్లు చెడదు. ఏ పొరలో ఏ చెట్టు పుప్పొడి ఎంత శాతమో లెక్కిస్తే ఆనాటి అడవి బయటపడుతుంది.

తర్వాతి నలభై ఏళ్లలో పెరిగింది ఆలోచన కన్నా పనిముట్లే. బురదను కెలక్కుండా పైకి తేవడమే పెద్ద సమస్య. ఇంగ్లండ్‌లో విండర్‌మియర్ సరస్సు మీద వినిఫ్రెడ్ పెన్నింగ్టన్ 1943లో అడుగుమట్టిలోని డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల క్రమాన్ని ప్రచురించారు. 1955లో డేనియల్ లివింగ్‌స్టన్ తేలికైన పిస్టన్ గొట్టం ఒకటి రూపొందించారు. రోడ్డు లేని అలాస్కా సరస్సులకు మోసుకెళ్లగలిగేది అది. 1958లో మాకెరెత్ గాలి ఒత్తిడితో గొట్టాన్ని అడుగులోకి దించే యంత్రం చేశారు. అప్పటికే లిబ్బీ రేడియోకార్బన్ పద్ధతి వచ్చింది. కానీ అది వేల ఏళ్ల పనిముట్టు, గత రెండు వందల ఏళ్లను విడదీయలేదు. ఆ ఖాళీని నింపినవారిలో మన దేశంవారూ ఉన్నారు. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో పనిచేసిన కృష్ణస్వామి, దేవేంద్ర లాల్ ఫ్రెంచి సహచరులతో కలిసి, సీసం-210తో సరస్సుల మట్టి వయసు కట్టే పద్ధతిని 1971లో ప్రకటించారు. నేలలోంచి వెలువడే రాడాన్ వాయువు గాలిలో క్షయమై సీసం-210గా మారి వానతో కిందికి దిగుతుంది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు కాబట్టి నూటయాభై ఏళ్ల వరకు వెనక్కి లెక్క అందుతుంది. సరిగ్గా ఫ్యాక్టరీల యుగమంతా. అణుపరీక్షల వల్ల 1963 ప్రాంతంలో ఎక్కువగా పడ్డ సీసియం-137 ఆ లెక్కను సరిచూసుకోవడానికి పనికొచ్చింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. సరస్సు బురదను చదివే ఈ విద్యకు పరువు తెచ్చింది ధ్రువప్రాంతమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో కాదు, బొగ్గు పొగ మీద జరిగిన తగవు తెచ్చింది.

1967లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఒడేన్, స్కాండినేవియా వానల్లో ఆమ్లం పెరుగుతోందని, అది పైదేశాల పొగ గొట్టాల నుంచి వస్తోందని పత్రికలో రాశారు. దక్షిణ నార్వే, స్వీడన్ సరస్సుల్లో చేపలు పోతున్నాయి. బ్రిటన్ విద్యుత్ సంస్థ ఒప్పుకోలేదు. నార్వేలోనే ఐవాన్ రోసెన్‌క్విస్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వేరే వాదన తెచ్చారు. రైతులు కొండ భూములు వదిలేశాక పొదలు పెరిగి, నేలే ఆమ్లంగా మారిందని, దాని ప్రభావమే సరస్సుల్లో కనిపిస్తోందని. కొట్టిపారేయదగ్గ వాదన కాదు. పీహెచ్ కొలతలు పాతకాలానివి లేవు కాబట్టి ఎవరు చెప్పింది నిజమో తేల్చే దారి లేదు. బురద తప్ప.

డయాటమ్‌లు నీటిలో బతికే ఏకకణ శైవలాలు, వాటికి సిలికా పెంకు ఉంటుంది. ఏ జాతి ఏ ఆమ్లత దగ్గర బతుకుతుందో హుస్టెడ్ట్ 1930లలోనే జావా, సుమత్రా సరస్సులను చూసి వర్గీకరించారు. స్వీడన్‌లో ఉమేఓ విశ్వవిద్యాలయపు ఇంగెమార్ రెన్‌బెర్గ్ బృందం శీతాకాలంలో గడ్డకట్టిన సరస్సు మీదికే నడిచి వెళ్లి, మంచుకు రంధ్రం చేసి, పొడి మంచు నింపిన లోహపు పెట్టెను అడుక్కి దించేది. పెట్టె చల్లదనానికి చుట్టూ ఉన్న బురద దానికి అతుక్కుని గడ్డకట్టేది. పైకి తీస్తే పలుచని పై పొరలు సైతం చెదరకుండా వచ్చేవి. ఆ మట్టిని అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, రసాయనాలతో సేంద్రియ పదార్థాన్ని కరిగించి, మిగిలిన పెంకులను గాజు పలక మీద వేసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో నమూనాకు కొన్ని వందల చొప్పున లెక్కపెట్టాలి. ఓపిక పని. ఈ మట్టిలోనే బొగ్గు, నూనె అధిక ఉష్ణోగ్రత దగ్గర మండినప్పుడు మాత్రమే పుట్టే గుండ్రని కార్బన్ రేణువులు కూడా దొరికాయి.

1983లో ఫ్లవర్, బాటర్‌బీ స్కాట్లండ్ దక్షిణాన రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే గ్రానైట్ కొండల సరస్సు ఫలితాలను ప్రచురించారు. 1850 ప్రాంతం దాకా పెద్దగా మార్పు లేదు. ఆ తర్వాత ఆమ్లాన్ని ఓర్చుకునే జాతులు పెరిగిపోయి, పీహెచ్ దాదాపు ఒక అంకె పడిపోయింది. ఒక అంకె పడితే ఆమ్లత పది రెట్లు. అక్కడ నాటిన అడవి లేదు, సాగు లేదు. రోసెన్‌క్విస్ట్ వాదనకు ఆధారం దొరకని చోటు అది. బ్రిటన్ విద్యుత్, బొగ్గు సంస్థలే 50 లక్షల పౌండ్లు పెట్టి, రాయల్ సొసైటీకీ స్కాండినేవియా అకాడమీలకూ దర్యాప్తు అప్పగించాయి. 1990లో అది ముగిసే సరికి సమాధానం గ్లెన్‌హెడ్ బురద చెప్పినదే. డబ్బు పెట్టినవాళ్లకు ఇష్టం లేని ఫలితం కావడమే దానికి బలమైంది. రెన్‌బెర్గ్ బృందం 1994లో ఇంకా లోతుకు వెళ్లి, స్వీడన్ సరస్సుల్లో గాలి మోసుకొచ్చిన సీసం రోమన్ల కాలంలోనే కనిపిస్తోందని చూపించింది.

అమెరికాలోనూ ఇలాంటి ఆమ్లత పరిశోధనల్లో పనిచేసిన కెనడా శాస్త్రవేత్త జాన్ స్మోల్, మేరియాన్ డగ్లస్‌తో కలిసి అదే డయాటమ్ లెక్కను ఎల్స్‌మియర్ దీవిలోని కేప్ హెర్షెల్‌కు తీసుకెళ్లారు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోటు. అవి సరస్సులు కూడా కావు, రెండు మీటర్ల లోతు లేని మడుగులు. ఏడాదిలో ఎక్కువ కాలం అడుగు దాకా గడ్డకట్టి ఉంటాయి. 1983 నుంచి వాళ్లు వాటిని గమనిస్తూ వచ్చారు. అడుగున వేల ఏళ్ల మట్టి కొన్ని పదుల సెంటీమీటర్లే ఉంటుంది, అంత నెమ్మదిగా పేరుకుంటుంది. అందులో వేల ఏళ్లుగా దాదాపు ఒకే రకం డయాటమ్‌లు. పందొమ్మిదో శతాబ్దం దగ్గర హఠాత్తుగా క్రమం మారిపోతుంది, నాచును అంటిపెట్టుకుని బతికే జాతులు వచ్చేస్తాయి. వాళ్ల వివరణ ఇది: మంచు లేని రోజులు పెరిగితే నాచు పెరుగుతుంది, నాచు పెరిగితే దాని మీద బతికేవి పెరుగుతాయి. ఆమ్లం కారణం కాదు. 1994లో ఇది వెలువడినప్పుడు చాలామంది తలలు అడ్డంగానే ఊపారు. మూడు మడుగులతో ధ్రువ ప్రాంతం మొత్తాన్నీ తీర్మానించవచ్చా?

ఆ ప్రశ్న న్యాయమైనది. జవాబు 2005లో వచ్చింది. ధ్రువ ప్రాంతమంతటి నుంచి 55 సరస్సుల మట్టి రికార్డులను కలిపి చూశారు. ఉత్తరానికి పోయేకొద్దీ మార్పు పెద్దది. అంతకన్నా విలువైనది మరొకటుంది. ఉష్ణోగ్రత అంతగా పెరగని ఉత్తర క్యుబెక్, లాబ్రడార్‌లలో డయాటమ్‌లు కూడా పెద్దగా మారలేదు. వేడి లేని చోట మార్పూ లేదు. 2009లో కౌఫ్‌మాన్ బృందం సరస్సు మట్టి, మంచు, చెట్టు వలయాలు కలిపి లెక్కవేసి, సూర్యుడి చుట్టూ తిరిగే భూమి భంగిమ మారుతున్నందువల్ల రెండు వేల ఏళ్లుగా చల్లబడుతూ వచ్చిన ఉత్తర ధ్రువప్రాంతం ఇరవయ్యో శతాబ్దంలో ఎదురు తిరిగిందని చెప్పింది. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఫిన్లండ్ కోర్టాయార్వి సరస్సులో ఇటీవలి పొరలను సాగు, వంతెన పనులు చెడగొట్టాయి. ఆ సంగతి వాటిని తీసిన శాస్త్రవేత్తలే ముందుగా రాశారు. తర్వాత ఆ అంకెలను వాతావరణ లెక్కల్లో కలిపినందుకు పెద్ద గొడవే జరిగింది.

కేప్ హెర్షెల్ మడుగులు మాత్రం 2006 జూలై నాటికి కొన్ని పూర్తిగా ఎండిపోయాయి. 1980లలో తొడల దాకా రబ్బరు బూట్లు లేకుండా దిగలేని తడి నేలలు అప్పటికి పొడినేల.

ఎండిపోని సరస్సు ఒకటి రష్యాలోని చుకోట్కాలో ఉంది. ఎల్గిగిట్గిన్ అనే ఈ సరస్సు 36 లక్షల ఏళ్ల క్రితం ఉల్క పడిన గొయ్యి. దాని మీదికి హిమానీనదాలు ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి మట్టి చెక్కుచెదరకుండా పేరుకుంది. 2009లో గడ్డకట్టిన సరస్సు మీద డ్రిల్లింగ్ యంత్రం నిలబెట్టి, మెలెస్, బ్రిగమ్-గ్రెట్, మిన్యుక్ ఆధ్వర్యంలో ఉల్క తాకిన రాయి దాకా తవ్వారు. పుప్పొడి లెక్క ప్రకారం, సుమారు 35 లక్షల ఏళ్ల క్రితం అక్కడి వేసవులు ఇప్పటికంటే దాదాపు 8 డిగ్రీలు వెచ్చన, చుట్టూ అడవి. అప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 400 దగ్గర ఉండేదని ఇతర లెక్కలు చెబుతున్నాయి. ఈ ఫలితం 2013 మేలో వెలువడింది. అదే నెలలో హవాయిలోని మౌనా లోవా పరికరం నమోదు చేసే రోజువారీ సగటు మొదటిసారి 400ను తాకింది.