ఉప్పలు, నాచారముల ఫలహారశాలలు – కిరాణా దుకాణములు

నేను ముప్పదియైదు సంవత్సరములు బాలురకు తెలుగు బోధించి 2019లో విశ్రాంతి గొన్నవాడను. నావంటి పండితుడు పురాణమును గూర్చియో, వ్యాకరణమును గూర్చియో ప్రసంగించునని మీరు తలచుట సహజము. కాని నేడు నేను చెప్పబూనినది మిరపకాయ బజ్జీని గూర్చి, ఇరానీ చాయను గూర్చి, బర్గరును గూర్చి, మాకు పప్పు ఉప్పులు తూచి యిచ్చిన కిరాణా దుకాణమును గూర్చి. ఇదియు నొక చరిత్రయేనా యని కొందరు నవ్వవచ్చును. ఏ రాజు ఏ యేట నెవ్వరిని జయించెనో మనము కంఠస్థము చేసితిమి. ఆ రాజుగారి భటుడు సాయంకాలము ఎచ్చట నేమి తినెనో, ఎవరియొద్ద బాకీ పెట్టెనో అడుగువారు లేరు. మనుష్యుడు దినమునకు మూడు మారులు చేయు పనికి చరిత్రలో చోటు లేకుండుట న్యాయము కాదు.

వెల యిచ్చి బయట తినుట మనకు క్రొత్త కాదు. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో అన్నభోగమను భాగము కలదు. నేటి ఇడ్డెన, దోసె, వడలకు పూర్వరూపములు అందు గోచరించును. అది రాజభవనపు వంట. సామాన్యుని సంగతి క్రీడాభిరామము చెప్పును. కాకతీయుల నాటి ఓరుగంటి వీథులను వర్ణించు ఆ కృతిలో, పూటకూటి యింట ఒక్క రూకకు దొరకు భోజనము వర్ణింపబడినది: కమ్మని అన్నము, గోధుమపిండి వంట, పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు పదార్థములు, గట్టి పెరుగు.

ఆ పట్టికలో మిరపకాయ లేదు. ఉండుటకు వీలును లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో పోర్చుగీసువారు మన సముద్రతీరమును చేరిన పిదపనే అది మన దేశమునకు వచ్చినది. ఆలుగడ్డయు ఆ ఖండమునుండి వచ్చినదే. సమోసా మధ్యాసియానుండి వచ్చినది. 14వ శతాబ్దమున ఢిల్లీ సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకు కొలువులో దానిని వడ్డించుట ఇబన్ బతూతా చూచి వ్రాసెను. ఇక చాయ చీనావారి పానీయము. కావున, మన పూర్వుల రుచులు చెడిపోయినవని బర్గరును చూచి వగచువారు ముందుగా తమ చేతిలోని బజ్జీని చూచుకొనవలెను.

ఇక మా ప్రాంతమునకు వత్తము. హైదరాబాదునుండి ఆ ఓరుగంటికే పోవు త్రోవమీద నున్నది ఉప్పలు. దాని కుత్తరముగా నాచారము. ఒకనాడు ఇవి పల్లెలు. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడి ఉప్పలు రోడ్డున నెలకొన్నది. ఉప్పలునను, నాచారమునను పారిశ్రామిక వాడలు వెలసినవి. నందమూరి తారకరామారావుగారు నాచారమున రామకృష్ణా స్టూడియోను నిర్మించిరి. కర్మాగారములో మూడు పాళ్లుగా పని జరుగుచుండగా, రాత్రి పాళి ముగించి వేకువన వెలుపలికి వచ్చువానికి ఆకలి గడియారమును చూడదు. అందువలన కర్మాగారపు గేటు ఎచ్చట లేచినదో అచ్చట చాయ దుకాణమును, బజ్జీల బండియు లేచినవి. మా ప్రాంతపు ఫలహారముల చరిత్రకు మూలకారణ మిదియే.

1984లో నేను నాచారములో తెలుగు పండితుడనుగా చేరితిని. అప్పటికి నా వయస్సు ఇరువదిమూడేండ్లు. బడి విడిచిన తరువాత మేము నలుగురు ఉపాధ్యాయులము ఇరానీ హోటలులో చేరుచుంటిమి. పారశీకమునుండి బొంబాయికి, అచ్చటినుండి పూనాకు, హైదరాబాదునకు వచ్చిన ఇరానీలు నాటిన ఆచారమిది. పాలు వేరుగను, డికాక్షను వేరుగను గంటలకొలది మరుగుచుండును. కప్పులో రెంటిని కలిపి యిత్తురు. పాలు హెచ్చుగ కావలసినవాడు ‘పౌనా’ యనును. చేతిలో డబ్బు తక్కువగ నున్నవారు ‘ఏక్ మే దో’ యని ఒక చాయను రెండు కప్పులలో పంచుకొందురు. ఏడవ నిజాము పేర వెలసిన ఉస్మానియా బిస్కత్తును ఆ చాయలో ముంచి, విరిగి పడిపోకముందే నోటికి చేర్చుట ఒక విద్య. ఒక కప్పు చాయతో రెండు గంటలు కూర్చున్నను లెమ్మని యజమాని యేనాడును అనలేదు. ప్రక్క బల్లవద్ద ఎవరెవరో కూర్చుండెడివారు. కులము నడిగినవాడు లేడు. అగ్రహారపు కట్టుబాట్లలో పెరిగిన నాకు, శాస్త్రము నేర్పని పాఠమును ఆ పాలరాతి బల్లయే నేర్పినది.

బజ్జీల బండి వేరు. లావుపాటి పచ్చిమిరపకాయను నిలువున చీల్చి, చింతపండుతో కలిపిన వామును కూరి, శనగపిండిలో ముంచి, కాగిన నూనెలో వేయుదురు. వేగినదానిని కోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండుదురు. ఒకనాడు పొట్లము విప్పగా, ఆ కాగితము నేను దిద్దిన పరీక్షాపత్రముగా నుండెను. సవర్ణదీర్ఘ సంధికి తప్పుగ ఉదాహరణము వ్రాసిన బాలునకు నేను వేసిన ఎఱ్ఱని సున్న నూనెలో తడిసి మెఱయుచుండెను. నాటినుండి సున్నలు వేయుటలో కొంత దయ చూపితిని.

1990 తరువాత మా వీథిలోని బేకరీలో కర్రీ పఫ్ ప్రక్కన బర్గరు వెలసినది. గుండ్రని బన్నును రెండుగా కోసి, నడుమ ఆలుగడ్డ కట్లెట్టును, దోసకాయ చక్రములను పెట్టి యిచ్చిరి. పండితుడను గావున పదమును గూర్చి ముందు విచారించితిని. దాని మూలరూపము హాంబర్గరు. జర్మనీలోని హాంబర్గు నగరమునకు సంబంధించినదని అర్థము. ఇంగ్లీషువారి భాషలో ‘హామ్’ అన్న పందిమాంసము. జనులు పదమును హామ్, బర్గర్ అని తప్పుగ విఱిచి, ముందు భాగమును తొలగించి, చీజ్ బర్గరు, చికెన్ బర్గరు అని క్రొత్త సమాసములు కల్పించిరి. నిజమైన హాంబర్గరులో పందిమాంసమే లేదు; అది పశుమాంసపు వంటకము. ఇట్టి దుష్ట పదచ్ఛేదమును మా విద్యార్థి చేసినచో మార్కులు తగ్గించెడివాడను. లోకము చేసిన తప్పు లోకమంతట చెల్లినది.

దీనిని శీఘ్రముగ అమ్ము పద్ధతిని 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డు సోదరు లిరువురు రూపొందించిరి. వడ్డించువారిని తొలగించిరి. వంటల పట్టికను కుదించిరి. వంటగదిని కర్మాగారమువలె విభజించి, ఒక్కొక్కనికి ఒక్కొక్క పని యప్పగించిరి. వారి పేరు గల సంస్థ 1996లో ఢిల్లీలో మన దేశమున మొదటి శాఖను తెరచినపుడు పశుమాంసమును మానుకొనెను; ఆలుగడ్డ టిక్కీతోను బర్గరు చేసెను. పరదేశపు వంట మన గడప దాటునపుడు కాళ్లు కడుగుకొనియే వచ్చును. 2005లో ఉప్పలు క్రికెట్టు మైదానమున అంతర్జాతీయ పోటీలు ప్రారంభమైనవి; 2017లో మెట్రో రైలు వచ్చినది. నేడు ఉప్పలు కూడలిలో బర్గరు తినని బాలుడు కానరాడు.

ఇంతవరకు తినుబండారముల సంగతి. ఇక వంటయింటికి సరుకు లిచ్చిన దుకాణము మాట. నాచారములో మా యింటి మలుపున ఒక కిరాణా దుకాణ ముండెను. యజమానిని అందరము సేటు అనియే పిలిచెడివారము. 1956లో చట్టము చేయబడి కిలోగ్రాములు వచ్చినను, ఆయన తండ్రి వాడిన శేరు రాయి ఇంకను మూలన నుండెను. ఆ దుకాణమున రెండు ధర్మములు నడచినవి. ఒకటి కొసరు: తూకము సరిపోయిన పిదప చేతితో మఱికొంత వేయుట, పిల్లవాడు వచ్చినచో వాని చేతిలో బెల్లపు ముక్క పెట్టుట. రెండవది ఉద్దెర: సరుకు నేడు, సొమ్ము నెల మొదట. ఎఱ్ఱని అట్ట గల పద్దుపుస్తకమున ప్రతి యింటికి నొక పుట యుండెను. పాళి పనివారి వీథిలో ఆ పుస్తకమే బ్యాంకు.

1992లో మా పాఠశాలలో ఐదు మాసములు జీతములు రాలేదు. నా భార్య నిండు గర్భిణి. రెండవ నెల గడచిన తరువాత నేను దుకాణమునకు పోవుటకు సిగ్గుపడి, ఆ మలుపు తప్పించుకొని తిరిగితిని. మూడవ దినమున సేటు తానే కుఱ్ఱవానితో బియ్యము, కందిపప్పు, నూనె పంపించెను. నేను పోయి, “సేటూ, జీతమెప్పుడొచ్చునో నాకే తెలియదు,” అంటిని. ఆయన తక్కెడ దించకయే, “సారూ, మీరేడికి పోతరు? బడి ఈడనే ఉన్నది, నేనీడనే ఉన్న. తీస్కపోండ్రి,” అనెను. బాకీ రెండువేల మూడువందల వరకు పెరిగెను. జీతము రాగానే తీర్చితిని. ఆయన వడ్డీ అడుగలేదు.

ఇచ్చట ప్రపంచ చరిత్ర కొంత చెప్పవలెను. 1916లో అమెరికాలోని మెంఫిసు నగరమున క్లారెన్సు సాండర్సు అను వర్తకుడు పిగ్లీ విగ్లీ యను దుకాణమును తెరచెను. అంతకు పూర్వము గుమాస్తా సరుకు తీసి యిచ్చెడివాడు. ఈతడు అరలు తెరచి, బుట్ట చేతికిచ్చి, మీకు కావలసినది మీరే తీసికొని ద్వారమువద్ద సొమ్ము చెల్లింపుడనెను. గుమాస్తా జీతము మిగిలి వెల తగ్గెను. ఆ పద్ధతియే తొంబది యేండ్లకు మా యింటి మలుపువఱకు నడచి వచ్చినది. హైదరాబాదున త్రినేత్ర దుకాణములు ముందే యుండెను. 2006లో రిలయన్సు ఫ్రెష్ దేశములో తన మొదటి దుకాణములను ఈ నగరముననే తెరచెను. పిమ్మట పెద్ద బజారులు వీథివీథిని వెలసినవి.

నేనును పోయితిని. దాచుట యెందులకు? కందిపప్పు కిలోకు కొన్ని రూపాయలు తక్కువ. చల్లని గది, శుభ్రమైన పొట్లములు, అచ్చు వేసిన చీటీ. మొదట నెలకొకమారు, తరువాత ప్రతి వారము. ఆ సంచులతో సేటు దుకాణము ముందుగా వచ్చుటకు మొగము చెల్లక, వెనుక గల్లీలోనుండి ఇల్లు చేరెడివాడను. ఆయనవద్ద అగ్గిపెట్టె, ఉప్పు మాత్రము కొనుచుంటిని.

2011లో ఆయన దుకాణము మూసివేయుచున్నాడని విని పోయితిని. పాత పద్దుపుస్తకములు చిత్తుకాగితములవానికి కట్టబడి యుండెను. ఏమనవలెనో తోచక, “పెద్ద బజారులు వచ్చి మీకు నష్టము చేసినవి,” అంటిని. ఆయన నవ్వి, “అందరు అటే పోతున్రు సారూ. మీరు గా గల్లిల కెళ్లి పోతుంటిరి గద. సంచి బరువుంటది, గింత దూరం తిరుగుడెందుకు, ముంగట కెళ్లే పోవద్దా?” అనెను. అందు నిష్ఠూరము లేదు. నా చేతులు నొచ్చునని ఆయన బాధ. ఆ దినమున నేను కొన్న చింతపండుపైన పిడికెడు కొసరు వేసెను. నా యధ్యాపక జీవితములో అంత తల వంచిన దినము వేరొకటి లేదు.

శ్రోతలారా, పెద్ద బజారును నిందించుట నా యుద్దేశము కాదు. తక్కువ వెల పేదవానికి మేలు. సాండర్సు దుష్టుడు కాడు. కాని అతడు గుమాస్తాను తొలగించినపుడు కొసరును, ఉద్దెరను కూడ తొలగించెను. ఆ రెండును చీటీలో అచ్చు కావు గనుక, పోయిన సంగతియు మనకు తెలియలేదు. జీతము రాని నెలలో ఆ తెరచిన అరలు మనలను గుర్తుపట్టవు.

ఆ దుకాణపు గదిలో నేడు బర్గరుల అంగడి యున్నది. నడుపువా డొక యువకుడు. గత మాసమున మనుమనితో పోయితిని. వాడు తినుటయు ముగిసెను, నా సెల్‌ఫోను చెల్లింపు నడువకుండుటయు తటస్థించెను. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతికి అలవాటుపడి నేను జేబులో నోట్లుంచుకొనుట మానితిని. నేను చెమర్చుచుండగా ఆ యువకుడు, “పర్వాలేదు తాతా, రేపియ్యండి,” అని, మనుమని చేతిలో మఱి నాలుగు ఆలుగడ్డ వేపుళ్లు పెట్టెను. అతనికి నా పేరు తెలియదు. ఆ గదిలో పూర్వమేమి నడచెనో అంతకంటె తెలియదు.

మఱునాడు ఉదయమున అంగడి తెరవకముందే పోయి ద్వారమువద్ద నిలిచితిని. ఈ మారు వెనుక గల్లీలోనుండి పోలేదు.